వెల్లంపల్లి బాప్తిస్మాలు (1878)

వెల్లంపల్లి బాప్తిస్మాలు: 1876–78 నాటి ధాత కరువు దరిమిలా ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున జరిగిన సామూహిక క్రైస్తవ దీక్ష. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను పుట్టిస్తుందన్న రోమా పత్రిక ఐదో అధ్యాయపు బోధకు ఇదొక ఉదాహరణ.

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవెరెట్ క్లౌ, కరువు కాలంలో బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడు మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మట్టి పనికి వచ్చినవారిలో మాదిగలు ఎక్కువ. మేస్త్రీలుగా నిలిచిన బోధకులు పని విరామాల్లో సువార్త చెప్పేవారు. కూలి కోసమే మతం మారారన్న మాట రాకుండా క్లౌ ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. ఈ ఘట్టంలో అసలు విశేషం సంఖ్య కాదు, ఈ నిరీక్షణే. సహాయ పనులు ముగిశాక కూడా బాప్తిస్మం కోరే జనం తగ్గలేదు. 1878 జులై 3న ఆరుగురు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున నదిలో దిగి, 2,222 మందికి ముంచుడు బాప్తిస్మం ఇచ్చారు.