ర్యాన్ హాల్: పరుగు, గాయం, విశ్వాసం

జి.మాడుగుల, పాడేరు, చింతపల్లి దారుల్లో మంచు విడవకముందే పరుగెత్తే యౌవనస్థులు మన పాఠకులలో చాలామందికి తెలిసినవారే. కొందరికి బూట్లుంటాయి, కొందరివి వట్టి కాళ్ళు. పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో పురుషులు 1600 మీటర్లు 8 నిమిషాలలోపు ముగించాలి. సైన్యం ర్యాలీలోనైతే 1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించినవారికే పూర్తి మార్కులు. కాస్తంత కాఫీ, మిరియాల తోట తప్ప వేరే ఆధారం లేని ఇంటికి ఆ కొద్ది సెకన్లే జీతం, పింఛను, చెల్లి చదువు. అందుకే ఆరాధనలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు మోకాలి నొప్పి, పిక్క నొప్పి, “ఈవెంట్స్” తేదీ అన్నీ కలిసే వస్తాయి.

ఆ బిడ్డలను, వారికోసం మోకరించే తల్లిదండ్రులను, కాపరులను మనస్సులో ఉంచుకొని ఈ వారం అమెరికా మారథాన్ పరుగువీరుడు ర్యాన్ హాల్ జీవితాన్ని పరిచయం చేస్తున్నాము. ఆయన కూడా కొండ ఊరిలో పెరిగినవాడే.

హాల్ 1982 అక్టోబరు 14న వాషింగ్టన్ రాష్ట్రంలోని కిర్క్‌లాండ్‌లో పుట్టాడు. పెరిగింది కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ లేక్ అనే ఊరిలో. అది సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉంది. అంత ఎత్తున గాలిలో ప్రాణవాయువు పలచగా ఉంటుంది కాబట్టి శరీరం ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. మన పాడేరు ప్రాంతం సుమారు 900 మీటర్ల ఎత్తే గనుక ఆ లాభం మనకు పెద్దగా దక్కదు. మన పిల్లలకున్న బలం వేరు: చిన్ననాటి నుండి గట్టులెక్కి బడికి, వాగుకు, సంతకు నడిచిన కాళ్ళు.

మొదట్లో హాల్‌కు పరుగంటే ఇష్టం లేదు. పదమూడేళ్ళ వయసులో ఒకనాడు ప్రయాణంలో ఆ ఊరి సరస్సును చూస్తుండగా, దాని చుట్టూ పరుగెత్తాలన్న కోరిక బలంగా కలిగింది. తండ్రితో కలిసి ఆ పదిహేను మైళ్ళూ పూర్తిచేశాడు. ఇది దేవుడిచ్చిన వరమని, ప్రపంచంలో మేటివారితో పరుగెత్తడానికీ ఇతరులకు సాయపడడానికీ తనకు వచ్చిన పిలుపని ఆయన చెప్పుకొన్నాడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివాడు. 2007 జనవరిలో హ్యూస్టన్‌లో హాఫ్ మారథాన్‌ను 59 నిమిషాల 43 సెకన్లలో ముగించి నెలకొల్పిన అమెరికా రికార్డు 2025 వరకు, అంటే పద్దెనిమిదేళ్ళు నిలిచింది.

అదే సంవత్సరం నవంబరు 3న న్యూయార్క్‌లో ఒలింపిక్ ఎంపిక మారథాన్ జరిగింది. హాల్ 2 గంటల 9 నిమిషాల 2 సెకన్లలో గెలిచాడు. ఆ పోటీలోనే ఆయన స్నేహితుడు, ఇరవై ఎనిమిదేళ్ళ ర్యాన్ షే, ఆరు మైళ్ళయినా నిండకముందే కుప్పకూలి మరణించాడు. ఒకే ఉదయం ఒకరికి ఒలింపిక్స్ చోటు, ఇంకొకరికి మరణం. అక్కడ ఎవరి విశ్వాసం ఎక్కువ, ఎవరిది తక్కువ అని లెక్క కట్టబోయేవారు యోబు స్నేహితుల వరుసలో కూర్చున్నట్టే.

2008లో లండన్ మారథాన్‌ను 2 గంటల 6 నిమిషాల 17 సెకన్లలో ముగించాడు. బీజింగ్ ఒలింపిక్స్‌లో పదో స్థానం వచ్చింది. 2011 బోస్టన్‌లో 2 గంటల 4 నిమిషాల 58 సెకన్లు. అమెరికా పరుగువీరుడెవరూ అప్పటికి మారథాన్‌ను అంత వేగంగా ముగించలేదు, అయినా ఆ పోటీలో దక్కింది నాలుగో స్థానమే. బోస్టన్ దారి పల్లానికి దిగుతుంది కాబట్టి దానిని రికార్డుగా లెక్కించరు.

బోస్టన్‌కు ముందే, 2010 చివరిలో, ఆయన తన శిక్షణ బృందాన్నీ కోచ్‌నూ విడిచి సొంతంగా సాధన మొదలుపెట్టాడు. ప్రార్థనలో తోచినదే ఆ రోజు సాధన. డోపింగ్ పరీక్ష ఫారంలో కోచ్ పేరు అడిగినచోట దేవుడు అని రాశాడు. ఈ సంగతి చదివి చప్పట్లు కొట్టే విశ్వాసులున్నారు. మేము అంత తొందరపడము. ఆయన భక్తి మీద మాకు అనుమానం లేదు. వారానికొక రోజు సబ్బాతు నియమాన్ని తలచి పూర్తిగా విశ్రమించేవాడు, గెలుపు ఆశించే ఆటగాడికి అది చిన్న సంగతి కాదు. అయితే ఆలోచన చెప్పేవారు అనేకులుంటే క్షేమమని సామెతల గ్రంథం 11వ అధ్యాయం నేర్పుతుంది. దేవుని మాట మనిషి నోటినుండి, ఒక్కోసారి విశ్వాసి కాని డాక్టరు నోటినుండి కూడా వస్తుంది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో తొడ వెనుక కండరం పట్టేసి, హాల్ సగం దూరం రాకముందే పరుగు ఆపేశాడు. ఆ తర్వాత పోటీలకు పేరివ్వడం, గాయంతో తప్పుకోవడం, కోలుకొని మళ్ళీ మొదలుపెట్టడం, మళ్ళీ ఆగడం. 2014 బోస్టన్‌లో ఇరవయ్యో స్థానం. 2015 లాస్ ఏంజెలెస్‌లో మధ్యలోనే వెనుదిరిగాడు. ఒకప్పుడు వారానికి నూరు మైళ్ళు పరుగెత్తిన శరీరం చివరికి వారానికి పన్నెండు మైళ్ళు నిదానంగా వెళ్ళినా అలసిపోయేది. టెస్టోస్టెరాన్ హార్మోను చాలా ఏళ్ళుగా తక్కువగా ఉందని, విపరీతమైన నిస్సత్తువ వేధిస్తోందని చెప్పి 2016 జనవరిలో, ముప్పైమూడేళ్ళకే, పోటీలనుండి విరమించుకొన్నాడు. ఒలింపిక్ పతకం రాలేదు.

ప్రసంగ దృష్టాంతాల పుస్తకాలలో గ్లెన్ కన్నింగ్‌హామ్ కథ తరచుగా కనబడుతుంది. 1917లో కాన్సాస్ బడిలో పొయ్యి పేలి అన్న చనిపోయాడు, ఏడేళ్ళ గ్లెన్ కాళ్ళు కాలిపోయాయి. కాళ్ళు తీసేయాలని డాక్టర్లన్నారు, తల్లి ఒప్పుకోలేదు. ఆ బాలుడే 1934లో మైలు పరుగులో ప్రపంచ రికార్డు సాధించి, 1936 బెర్లిన్ ఒలింపిక్స్ 1500 మీటర్ల పరుగులో వెండి పతకం పొందాడు. దేవునికి స్తోత్రము. హాల్ కథను మాత్రం పుల్పిట్ మీదనుండి చెప్పేవారు అరుదు, ఎందుకంటే చివర పతకం లేదు. పతకం వచ్చినవాడి సాక్ష్యమే వింటూ పెరిగిన బిడ్డ, పిక్క నొప్పితో ర్యాలీలో వెనుకబడిననాడు తనకు విశ్వాసం లేదనుకొంటాడు. మా భయమల్లా అదే.

కన్నింగ్‌హామ్‌కు ఎంతో ఇష్టమైన వాక్యం యెషయా 40:31. మన యౌవన కూటాల్లోనూ కంఠస్థంగా చెప్పేది అదే. దానికి ముందున్న 30వ వచనాన్ని కూడా చదవండి: యౌవనులు సైతం సొమ్మసిల్లుతారని ప్రవక్త ముందే ఒప్పుకొంటున్నాడు. 31వ వచనంలో వరుసను కూడా గమనించండి. మొదట రెక్కలు, తర్వాత పరుగు, చివరకు నడక. కన్నింగ్‌హామ్ తిరిగి నడక నేర్చుకొన్నాకే పరుగెత్తాడు. హాల్ పరుగునుండి నడకకు దిగాడు. ఇద్దరికీ ఆ వచనంలో చోటుంది.

బైబిలులో దూరపు పరుగువీరుడెవరంటే ఏలీయానే చెప్పాలి. కర్మెలునుండి యెజ్రెయేలు వరకు సుమారు పాతిక కిలోమీటర్లు అహాబు రథానికి ముందుగా పరుగెత్తాడు (1 రాజులు 18:46). మరుసటి అధ్యాయంలోనే బదరీ చెట్టు కింద పడి, చావు కోరుకొన్నాడు. దేవదూత వచ్చి గద్దించలేదు, ఉపవాసం ఉండమనలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ప్రవక్త తిని మళ్ళీ పడుకొన్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్ళీ తినమన్నాడు. ప్రయాణం మాట ఆ తర్వాతనే.

కాబట్టి మన బిడ్డల గురించి కొన్ని సంగతులు సూటిగా రాస్తున్నాము. ముంగాలి ఎముకలో నొప్పి రెండు రకాలు. ఎముక పొడవునా నొప్పి ఉండి, కొన్ని రోజులు పరుగు తగ్గిస్తే నెమ్మదించేది ఒకటి. వేలితో నొక్కితే ఒకే చోట కలుక్కుమనేది, రాత్రి పడుకొన్నా లాగేది రెండోది. ఈ రెండోది ఎముకలో సన్నని పగులు కావచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కూడా కనబడకపోవచ్చు. పరుగు ఆపితే సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాల్లో అతుకుతుంది, ఆపకపోతే పూర్తిగా విరిగే ప్రమాదముంది. దాని మీద పసరు కట్టి, నొప్పి మాత్ర వేసుకొని పరుగెత్తడం ధైర్యం కాదు. నోటిఫికేషన్ వచ్చాక ఒక్కసారిగా దూరం పెంచడమే చాలా గాయాలకు కారణం. ఎంపిక తేదీ తెలియకపోయినా ఏడాది పొడవునా కొద్దికొద్దిగా సాధన చేసేవారికి ఈ బాధ తక్కువ.

ఇంకొకటి. మన ఏజెన్సీలో రక్తహీనత ఎక్కువ, గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ లక్షణం కూడా ఉంది. ఆ లక్షణం ఉన్నంత మాత్రాన పరుగు మానక్కర్లేదు. కానీ ఎండలో, నీళ్ళు తాగకుండా, ఒంట్లో బాగాలేనప్పుడు శక్తికి మించి పరుగెత్తితే ప్రాణం మీదికి రావచ్చు. రక్త పరీక్షతో తెలిసిపోతుంది. ప్రభుత్వం 2023 జూలైలో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించి గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేయిస్తున్నది. ర్యాలీకి వెళ్ళే ప్రతి బిడ్డా ముందుగా పి.హెచ్.సి.కి వెళ్ళి ఆ పరీక్ష, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. చోడి అంబలి మంచిదే, దానితోపాటు గుడ్డు, పప్పు, ఆకుకూర కూడా కావాలి.

ప్రార్థిస్తే చాలు, మందు వాడితే అవిశ్వాసమని మనలో కొందరు ఇంకా చెబుతున్నారు. హిజ్కియా ప్రార్థన ఆలకించిన దేవుడే అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద కట్టమన్నాడు (యెషయా 38:21). పౌలు వెంట లూకా అనే వైద్యుడున్నాడు. అపొస్తలుడైన పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వెళ్ళాడు (2 తిమోతి 4:20). త్రోఫిముకు విశ్వాసం తక్కువని ఆయన ఎక్కడా రాయలేదు. కాపరులు చేతులుంచి ప్రార్థించండి, ఆ తర్వాత ఆ బిడ్డ పాడేరు ఆసుపత్రికి చేరాడో లేదో కనుక్కోండి.

హాల్ విషయానికొస్తే, విరమించుకొన్నాక ఆయన బరువులెత్తి ఒళ్ళు గట్టిపరచుకొన్నాడు. 2017 జనవరిలో ఏడు ఖండాలలో ఏడు రోజుల్లో ఏడు మారథాన్లు ముగించాడు, గెలుపు కోసం కాదు. 2015లో ఆయన, భార్య సారా ఇథియోపియాకు చెందిన నలుగురు అక్కచెల్లెళ్ళను దత్తత తీసుకొన్నారు. సారా కూడా మారథాన్ పరుగెత్తుతుంది, ఆమెకు ఆయనే కోచ్. ఈసారి ఫారంలో రాయడానికి మనిషి పేరే ఉంది. 2020 అక్టోబరు 4న లండన్ మారథాన్‌లో, ముప్పై ఏడేళ్ళ సారా చివరి కొద్ది మీటర్లలో అప్పటి ప్రపంచ విజేత రూత్ చెప్‌న్‌గెటిచ్‌ను దాటి 2 గంటల 22 నిమిషాల 1 సెకనులో రెండో స్థానం పొందింది. పరుగు ముగిసిన ఆ వీధి పేరు ది మాల్. 2012లో హాల్ ఒలింపిక్ పరుగు మొదలుపెట్టి, ముగించలేకపోయిన మారథాన్‌కు గమ్యం కూడా అక్కడే.