దాక నలుపు

గౌతమీ తీరమునందలి యానాములో శ్రావణ భాద్రపద మాసములందు, చేపల వంట బాగుగా ఎరిగిన ఏ యింటి పెరటిలోనికి పోయినను, పొయ్యి దించి గోడవారగా బోర్లించిన మట్టిదాక యొకటి కంటబడును. దాని యడుగు సరుగుడు కట్టెల మంటకును కొబ్బరిమట్టల పొగకును ఏండ్ల తరబడి కాలి కాలి కాటుకవలె నల్లబడి యుండును. లోపలివైపు మాత్రము చింతపండు పులుసును చేపనూనెను త్రాగి త్రాగి నున్నగా నిగనిగలాడుచుండును. ఆ దాకలో ఉడికిన చేపకు నలుపు తగులదు. మంటలోని కాఠిన్యమునంతయు దాక తాను భరించి, వేడిమిని మాత్రమే చేపకు అందించును. లోకమున కొన్ని దేశములవారు చేపనే నల్లగా కాల్చి తినుటను గొప్ప విద్యగా పెంచుకొనిరి. యానామువారు తమకు మిక్కిలి ప్రియమైన చేప విషయమున నలుపును దాకకు విడిచి, చేపను కాపాడుకొనిరి. ఈ రెండు మార్గముల భేదమునకు మూలము వంటవారి యిష్టానిష్టములలో లేదు, చేప మేనిలో ఉన్నది. ఏ చేపకు ఏ నిప్పు తగునో తెలియుటయే ఈ విద్యకు ఓనమాలని నా నమ్మకము.

అట్లని యానామున చేపను నిప్పుపై నల్లబరచుటయే లేదనుకొనరాదు. ఉప్పుచేపను పొయ్యిలోని నిప్పులమీద నేరుగా పడవేసి, అంచులు మాడువరకు త్రిప్పి త్రిప్పి కాల్చి, బూడిద దులిపి, పప్పుచారన్నములోనో చద్దియన్నములోనో నంజుకొని తినుట ఈ తీరమున కలవారికిని లేనివారికిని సమానమైన ఆచారము. ఎండిన సొరముక్కయు వంజరపు ముక్కయు దీనికి తగినవి. ఏలయన నీరింకి, ఉప్పు పట్టి, కండ బిగిసిన చేప మాత్రమే నిప్పుల తాకిడికి చెదరక నిలుచును. ఈ చేపకు ఆయువు పోసినది ఉప్పు. ఆ ఉప్పునకు రాజ్యముల చరిత్రతో చుట్టరికము కలదు. నెపోలియను యుద్ధములు కడముట్టుచున్న వేళ, 1815లో లండనునందు కుదిరిన ఒప్పందముచే, ఇండియాలోని ఫ్రెంచి స్థావరములలో తయారగు ఉప్పును కొనుగోలుచేయు హక్కు ఇంగ్లీషు కంపెనీకి దక్కెను. అందులకు ప్రతిఫలముగా ఫ్రాన్సునకు సాలునకు 4 లక్షల సిక్కా రూపాయలు చెల్లునట్లు ఏర్పాటయ్యెను. యానాముచుట్టును ఉన్నది బ్రిటిషు సీమ. ఆ సీమలో ఉప్పుపై సుంకము పేదవాని పొయ్యివరకును వచ్చెడిది. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున మద్రాసు ప్రభుత్వము తీరము వెంబడి చేపలకు ఉప్పువేయు యార్డులను నెలకొల్పి, అందు మాత్రము సుంకము లేని ఉప్పును మత్స్యకారులకు అమ్మించుటకు కారణము, ఆ సుంకము భారముచే చేప సరిగా ఉప్పు పట్టక చెడిపోవుచుండుటయే. పప్పుచారు ప్రక్కన నిప్పులపై చిటపటలాడు ఎండుచేప ముక్కను చూచినపుడెల్ల నాకు ఈ సుంకముల కథయే జ్ఞప్తికి వచ్చుచుండును.

పచ్చి చేపను పెనముపై నల్లబరచు విధమునకు మన కాలమున జగత్ప్రసిద్ధి తెచ్చిన నగరము అమెరికాలోని న్యూ ఆర్లియన్సు. యానామును గూర్చి వ్రాయుచు అంత దూరము పోవుట అప్రస్తుతము కాదు. ఈ రెండు ఊళ్ళును ఒకే ఇంటి బిడ్డలు. న్యూ ఆర్లియన్సును ఫ్రెంచివారు 1718లో స్థాపించిరి. మరుసటి యేటనే లూసియానా సీమయు తూర్పుదేశపు వర్తకమును ఒకే ఫ్రెంచి కంపెనీ చేతికి వచ్చెను. ఆ కంపెనీయే 1723లో యానామున వర్తకస్థానము తెరచి, లాభము చాలక 1727లో మూసి, మరల 1731లో తెరచెను. లూసియానాను రాజునకు తిరిగి ఒప్పగించినదియు ఆ 1731లోనే. మిసిసిపీ డెల్టాలో ఒకటి, గోదావరి డెల్టాలో ఒకటి, ఒకే వర్తకుల లెక్కపుస్తకమునకెక్కిన ఈ రెండు ఊళ్ళలోను అడవులు, బురద, వరదలు, తుపానులు, చేపలు సమానము. ఫ్రెంచివారి వంటలో వెన్నను నల్లబడునంతవరకు కాచి ఉడికిన టేకుచేపపై పోయు పద్ధతి యొకటి కలదు. దానిని వారు నల్లవెన్న యనియే పిలుతురు. అయినను న్యూ ఆర్లియన్సు నల్లచేప అంత పాతది కాదు. 1979లో అచట భోజనశాల తెరచిన పాల్ ప్రుదోమ్ అను వంటవాడు, ఎఱ్ఱచేప యని అచటివారు పిలుచు కడలిచేప ముక్కను కరిగిన వెన్నలో ముంచి, మిరియము, మిరపపొడి, వాము వాసనగల ఎండుటాకుల పొడి దట్టముగా అద్ది, నిప్పువలె కాగిన పోతయినుప పెనముపై వేసి, రెండు మూడు నిమిషములలో ఇరువైపుల త్రిప్పి తీయు విధమును ప్రచారమునకు తెచ్చెను. అందు నల్లబడునది చేప కాదు. వెన్నలోని పాలపదార్థమును, మసాలాపొడియును మాడి ఒక పొరగా ఏర్పడును, ఆ పొర మాటున చేప తన రసముతో తాను ఉడుకును. అనగా అచటి వంటవాడును చేపకొక దాకనే కట్టినాడు. అది మసాలా దాక! ఆ వంటకమునకు కలిగిన గిరాకి యెట్టిదనగా, 1980 దశకము ముగియకమునుపే ఎఱ్ఱచేప కరవై, మెక్సికో సింధుశాఖలో వ్యాపారార్థము దానిని పట్టుటను అమెరికా ప్రభుత్వము నిషేధింపవలసి వచ్చెను.

అట్టి వేడికి తాళు చేప ఎట్టిదై యుండవలెను? కండ గట్టిదై, రేకలు రేకలుగా విడిపోనిదై, ముండ్లు కొలదిగా ఉన్నదై, ముక్క బొటనవ్రేలి మందమున కోయ వీలైనదై యుండవలెను. యానాము రేవున ఆ లక్షణములన్నియు పండుగప్పలో కలవు. మడ అడవుల పాయలలో పెరిగి, ఉప్పునీటను మంచినీటను సమానముగా సంచరించు ఈ చేప ఇనుప పెనముపై నూనెలో అంచులు నల్లబడునట్లు వేగినను లోపల తెల్లగా మెత్తగా నిలుచును. వంజరమును అట్టిదే. కవళ్ళు, కానాగడతలు చిన్నవగుటచే చర్మముతోనే వేపుడునకు చెల్లును. చందువాను కొందరు పులుసు పెట్టుదురు గాని, పెనమే దానికి అందమని నా మతము. వీనినన్నింటిని ప్రక్కన బెట్టి, ఏ చేపకై ఈ తీరము వర్షాకాలమంతయు ఎదురుచూచునో ఆ పులసను మాత్రము ఎవ్వరును పెనముమీదికి తీసికొనిపోరు.

పులస సముద్రపు చేప. కడలిలో ఉన్నంతకాలము దానికి ఇలస యనియు విలస యనియు పేరు. గోదావరికి ఎఱ్ఱనీరు తగిలిన పిమ్మట, గ్రుడ్లు పెట్టుటకై మొగలు దాటి నదిలోనికెక్కి ఎదురీదు నపుడే దానికి పులస యను బిరుదము. అట్లు ఎక్కునపుడు అది మేతను తగ్గించి, సముద్రమున కూడబెట్టుకొన్న కొవ్వునే బత్తెముగా వాడుకొనుచు ప్రవాహమునకెదురు పోవును. మంచినీటిలో ఉన్న కొలది కడలి వాసన వీడి, కండ కమ్మనగును. బంగాళమున ఇలిశ్ యని ఆరాధింపబడునదియు ఇదియే. 1822లో గంగానది చేపలపై గ్రంథము ప్రకటించిన హామిల్టను దానికి ఇలిషా యని శాస్త్రనామము చేసెను. తెలుగువారు గర్వింపదగిన విషయము మరియొకటి కలదు. విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు, రక్తపింజరకు తన పేరు పెట్టబడిన ఆ విషశాస్త్రజ్ఞుడే, విశాఖ తీరమున సేకరించిన 200 చేపల బొమ్మలను వర్ణనలతో 1803లో లండనులో ముద్రింపించెను. అందు చేపలకు తాను విన్న తెలుగు పేర్లనే ఇంగ్లీషు లిపిలో వ్రాసి యుంచెను. అందలి పేరునే గైకొని పారిసునందలి మహాశాస్త్రజ్ఞుడు కూవియే 1829లో పులసకు లాటిను నామకరణము చేయుచు క్లూపియా పలసా యని వ్రాసెను. ముందుగా వచ్చిన పేరే నిలువవలెనను శాస్త్రమర్యాదచే హామిల్టను పేరు నిలిచి, కూవియే పేరు పర్యాయపదముల పట్టికలో మిగిలినది. అయినను జాలరివాని నోటి మాట లాటిను వేషమున పారిసు నగరము చేరినదన్న సంగతి నా మనస్సునకు ఎంతయో ప్రీతి గొలుపును. ఆ కాలమున యానాముపై ఫ్రెంచి జెండాయే ఎగురుచుండెను. ఆ జెండా నీడను ఈ చేప యేటేట దాటిపోవుచునే యుండెను.

దాని ప్రయాణమునకు పెద్ద అడ్డు 1852లో వచ్చెను. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున మొదలిడిన ఆనకట్ట ఆ యేట పూర్తియై, డెల్టా నంతయు పండించి, కరవుల నుండి జనులను కాపాడినది. ఆ మేలు ఎంత చెప్పినను తీరదు. కాని ఎగువకు నిరాటంకముగా పోవుచుండిన పులసకు అదియే పొలిమేర యయ్యెను. ఇండియా చేపలను గూర్చి పరిశోధించిన ఫ్రాన్సిస్ డే 1873 నాటికే ఇట్టి కట్టడములవలన వలస చేపలకు కలుగు హానిని ప్రభుత్వమునకు నివేదించి యుండెను. నాటినుండి గోదావరి పులస కథ మొగలకును ధవళేశ్వరమునకును నడిమి కథయే. యానాము ఆ దారికి తొలి వాకిలి. ఇచట దొరకు పులస ఇంకను కొవ్వు తరుగనిది. ఆనకట్ట క్రింద దొరకునది ఎక్కువ దూరము ఈది కడలి వాసనను పూర్తిగా వీడినది. ఏది మేలన్న వాదము ఇరుచోట్లవారికిని తీరునది కాదు. కొవ్వు వైపే నేను.

పుస్తెలమ్మియైన పులస తినవలెనను సామెత అందరికిని తెలియును. ఆ సామెత వెలను చెప్పినదే గాని ఎన్నికను చెప్పలేదు. పుస్తెలమ్మి తెచ్చినది కడలి విలస యైనచో ఆ యిల్లాలి గతి యేమి? ఎఱ్ఱనీరు రాగానే ఒడిస్సా నుండియు బంగాళము నుండియు మంచులో వచ్చిన ఇలసలు పులస పేరున అమ్ముడగుట నేడు సామాన్యము. ఎరిగినవారు ముందుగా చూచునది మేనిరంగు: కడలి చేప తళతళ తెల్లగా ఉండును, ఏటి చేపకు ఆ తెలుపుపై పసిడిఛాయ కొంచెము ప్రాకి యుండును. పొట్ట అంచున రంపపు పండ్లవంటి పొలుసులు, పైదవడ నడుమ చిన్న నొక్కు, మొప్ప వెనుక నల్లని మచ్చ ఉండుట జాతి గుర్తు; పసిడిఛాయ మాత్రము ఏటి గుర్తు. పిమ్మట మొప్ప ఎత్తి ఎఱుపును, పొట్ట నొక్కి బిగువును, శెన ఉన్నదో లేదో చూతురు. శెన ప్రియులు శెనచేపకే వెల హెచ్చు పెట్టుదురు. కండ ప్రియులు గొడ్డుచేపను కోరుదురు, ఏలయన శెన ఎదిగిన కొలది కండలోని కొవ్వు దానికి పోవును.

ఇట్టి చేపను నల్లగా కాల్చిన నేమగును? దాని కండ మెత్తన, కొవ్వు మెండు, సన్నని ముండ్లు లెక్కకు మిక్కిలి. ఉగ్రమైన వేడి తగులగానే కొవ్వంతయు కరిగి నిప్పులపాలగును. కండ పొడిపొడియై ముండ్లు మాత్రము మిగులును. కావుననే దాక. అడుగున ముక్కలు పేర్చి, ఉల్లి, పచ్చిమిర్చి, బెండకాయలు వేసి, చిక్కని చింతపండు పులుసు పోసి, సన్నని సెగపై కదలకుండ మరుగనీయుదురు. గరిటె పెట్టరు, దాక అంచులను గుడ్డతో పట్టుకొని మెల్లగా తిప్పుదురు. ఆముదము కొంచెము, దించుటకు ముందు వెన్న, కొందరి యింట కొత్తావకాయ పైనూనె. దించిన నాడు తినరు. రాత్రియంతయు ఆ దాకలోనే ఊరి, ముండ్లు పులుపునకు మెత్తబడి, కొవ్వు పులుసుతో ఏకమై, మరునాటి ఉదయమునకే అది పులస పులుసగును. మట్టి నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారును. పొయ్యి ఆరిన పిదపను చాలసేపు వంట సాగుచునే యుండును. లోహపు పాత్రలో ఆ మలిపాకము కుదురదు.

దాక మారకపోయినను ఊరు మారినది. 1954 నవంబరు 1న యానాము పాలన ఫ్రెంచివారి నుండి భారతదేశమునకు మారెను; 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనము ముగిసెను. 2002లో ఎదుర్లంకకు వంతెన తెరచుకొనుటతో రేవు పంటులు ఆగి, కోనసీమవారు కార్లలో వచ్చి పులసను బేరమాడి మంచుపెట్టెలలో పట్టణములకు గొనిపోవుట హెచ్చినది. చేప తరిగి, వెల పెరిగినది. పట్టణమునకు పోయిన ఆ చేప ఏ పాత్రలో ఉడుకునో తలచినపుడు నాకు కించిత్ బాధ కలుగును.

మొన్నటి వరదనాళ్ళలో రేవు గట్టున తట్ట ముందు కూర్చున్న ఒక ముసలమ్మను, "ఏటి చేపేనా అమ్మా?" యని అడిగితిని. ఆమె చేపను తిరగవేసి పసిడివైపు వెలుగునకు చూపి, "మొగలోది కాదు బాబూ, ఏటిదే. మీ యింట దాకుందా?" యనెను. ఉన్నదని చెప్పిన తరువాతనే వెల చెప్పినది.