కొలెస్ట్రాల్ మాత్ర వెనక కథ: రిసెప్టర్లు ఎన్నుండాలో కణమే చూసుకుంటుంది

చాలా ఇళ్లలో అమ్మకో, నాన్నకో, తాతయ్యకో డాక్టర్ రాసిచ్చిన కొలెస్ట్రాల్ మాత్ర ఉంటుంది. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్... ఇలా పేరు చివర స్టాటిన్ అని ఉంటుంది. అది రక్తంలో కొలెస్ట్రాల్‌ని కరిగించేస్తుందని అనుకుంటాం. కాదండీ, అది చేసే పని వేరే. ఆ సంగతి తెలియాలంటే 1970ల నాటి అమెరికాకి వెళ్లాలి.

మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ ఇద్దరూ కుర్ర డాక్టర్లు. బోస్టన్ ఆసుపత్రిలో స్నేహితులయ్యారు, తర్వాత డల్లాస్‌లో కలిసి పరిశోధన మొదలెట్టారు. వాళ్లు పట్టుకున్న ప్రశ్న ఒకటే. కొందరు పిల్లలకి చిన్నతనంలోనే గుండెపోటు ఎందుకొస్తోంది? తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడిపోయి పుట్టిన పిల్లలు వీళ్లు. చెడ్డ కొలెస్ట్రాల్ అంటామే, ఆ ఎల్‌డీఎల్ వీళ్ల రక్తంలో మామూలు కంటే ఆరేడు రెట్లు ఉండేది.

ఇద్దరూ చర్మకణాల్ని ల్యాబ్‌లో పెంచి చూశారు. ఆరోగ్యవంతుల కణాలకి ఎల్‌డీఎల్ ఇస్తే, అవి సొంతంగా కొలెస్ట్రాల్ తయారుచేయడం తగ్గించేశాయి. జబ్బు పిల్లల కణాలు మాత్రం తయారుచేస్తూనే పోయాయి. మరి తయారీలోనే లోపముందా? ఎల్‌డీఎల్ లేకుండా, ఉత్త కొలెస్ట్రాల్‌ని ఆల్కహాల్‌లో కరిగించి ఇచ్చారు. ఈసారి జబ్బు కణాలూ ఆపేశాయి! అంటే తయారీ బాగానే ఉంది. ఎల్‌డీఎలే లోపలికి రావడం లేదు. 1974లో రేడియోధార్మిక అయోడిన్ అంటించిన ఎల్‌డీఎల్‌తో తేల్చేశారు. మామూలు కణాలు దాన్ని పట్టుకున్నాయి, వీళ్ల కణాలు పట్టుకోలేకపోయాయి. పట్టుకోవాల్సిన రిసెప్టరే పనిచేయడం లేదు.

ఈ రిసెప్టర్ మన రేవులో బల్లకట్టు లాంటిది. ఎల్‌డీఎల్‌ని లోపలికి చేర్చి, దింపేసి, మళ్లీ పైకొస్తుంది. ఒక్కో ట్రిప్పుకి దాదాపు పది నిమిషాలు. అసలు విషయం ఇక్కడుంది. కణంలో కొలెస్ట్రాల్ సరిపడా ఉంటే కొత్త రిసెప్టర్ల తయారీ తగ్గుతుంది, తక్కువైతే పెరుగుతుంది. రక్తంలో ఎంతుందో కణానికి అనవసరం. దానికి తన ఇంటి సంగతే పట్టింపు, ఊరి సంగతి పట్టదు.

దీన్ని వాడుకునే దారి జపాన్‌లో దొరికింది. టోక్యోలో సాంక్యో కంపెనీలో పనిచేసే అకిరా ఎండో వేల రకాల బూజుల్ని, శిలీంధ్రాల్ని పరీక్షించి, 1973లో కాంపాక్టిన్ అనే పదార్థాన్ని పట్టుకున్నాడు. అది కొలెస్ట్రాల్ తయారీకి అడ్డుపడుతుంది. అదే మొదటి స్టాటిన్. ఇది లోపలికి వెళ్తే లివర్ కణాలకి లోటు తెలుస్తుంది. వెంటనే రిసెప్టర్లు పెంచుకుని రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాక్కుంటాయి. అలా రక్తాన్ని శుభ్రం చేసేది మన లివరే. మాత్ర దాన్ని పనిలోకి దించుతుంది, అంతే. 1985లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి నోబెల్ వచ్చింది. 1987లో లోవాస్టాటిన్‌కి అమెరికాలో అనుమతి దొరికింది.

కానీ ఆ పిల్లల సంగతేంటి? అసలు రిసెప్టరే పనిచేయనప్పుడు పెంచడానికి ఏముంది? వాళ్లకి స్టాటిన్ పెద్దగా పనిచేయదు. 1984లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఇలాంటి ఆరేళ్ల పాపకి గుండె, లివర్ రెండూ ఒకేసారి మార్చారు. కొత్త లివర్‌కి మంచి రిసెప్టర్లున్నాయి కాబట్టి కొలెస్ట్రాల్ బాగా దిగింది. ఆ పాప మరో ఆరేళ్లకు పైగా బతికింది.

ఒక్క జన్యువే చెడినవాళ్లు మాత్రం అంత అరుదు కాదు, దాదాపు 250, 300 మందిలో ఒకరుంటారు. వాళ్లలో రెండో జన్యువు బాగుంటుంది కాబట్టి మాత్ర పనిచేస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చుంటే, మీరూ ఒకసారి లిపిడ్ టెస్ట్ చేయించుకోండి. ఇంకోటి, "రిపోర్ట్ నార్మల్ వచ్చింది కదా" అని నాన్న సొంతంగా మాత్ర మానేస్తానంటే ఈ కథ చెప్పండి. మాత్ర ఆగితే లివర్ మళ్లీ సొంత తయారీ మొదలెడుతుంది, రిసెప్టర్లు తగ్గించేస్తుంది. మానాలా వద్దా అన్నది డాక్టర్‌ని అడిగాకే.