థియేటర్ రోడ్డు చెప్పే పాఠం

మన కోల్‌కతాలో థియేటర్ రోడ్డు (ఇప్పటి షేక్స్‌పియర్ సరణి) 8వ నంబరు ఇల్లు చాలామంది చూసే ఉంటారు. 1971లో తాజుద్దీన్ అహ్మద్ బంగ్లాదేశ్ ప్రవాస ప్రభుత్వాన్ని నడిపింది అక్కడి నుంచే. మతం ఒక్కటే అయినా పాకిస్తాన్ రెండు ముక్కలైంది. భాషనూ, ఓటునూ కాదన్నందుకే.

డిసెంబరు 16న విజయం. సరిగ్గా ఏడాదికి అమల్లోకొచ్చిన రాజ్యాంగంలో మతనిరపేక్షత ఒక మూలసూత్రం. 1977లో జియావుర్ రహ్మాన్ దాన్ని తీసేశారు. 1988లో ఎర్షాద్ ఇస్లాంను రాజ్యమతం చేశారు. ఇద్దరూ సైన్యాధిపతులే! ఓటుతో కాక తుపాకీతో గద్దెనెక్కినవాళ్లకు మతం ఆసరా అయింది. 2011లో మతనిరపేక్షతను తిరిగి చేర్చారు, రాజ్యమతాన్నీ ఉంచేశారు.

మన సేనలు మాత్రం గెలిచిన మూడు నెలలకే, 1972 మార్చిలో, ఇంటిదారి పట్టాయి. గెలవడం ఎంత గొప్పో, గెలిచాక గద్దె జోలికి పోకపోవడమూ అంతే గొప్ప.