అమెరికాలో జ్యూరీ సమన్స్ వచ్చిందా? ఎవరు వెళ్లాలి, ఎవరు వెళ్లకూడదు, అక్కడ ఏం జరుగుతుంది?

కౌంటీ కోర్టు నుంచి 'జ్యూరీ సమన్స్' అని రాసి ఉన్న కవర్ ఇంటికొస్తే అమెరికాలోని చాలామంది తెలుగువాళ్లు ముందు కంగారు పడతారు. కోర్టు, సమన్స్ అనే మాటలు వినగానే మనకు కేసే గుర్తొస్తుంది మరి. కానీ ఇది మీ మీద కేసు కాదు. వేరేవాళ్ల కేసులో తీర్పు చెప్పడానికి మిమ్మల్ని పిలుస్తున్నారు, అంతే.

అయితే దీన్ని తేలిగ్గా తీసుకుని పక్కన పడేయడానికీ వీల్లేదు. సిటిజన్ అయ్యుండి స్పందించకపోతే జరిమానా పడొచ్చు. సిటిజన్ కాకుండానే 'అవును, సిటిజన్‌నే' అని టిక్ పెడితే గ్రీన్‌కార్డుకే ముప్పు రావొచ్చు. అందుకే ఆ కవర్ తెరిచినప్పటి నుంచి తీర్పు దాకా ఏం జరుగుతుందో వరుసగా చూద్దాం. నిబంధనలు రాష్ట్రానికో రకంగా, ఒక్కోసారి కౌంటీకో రకంగా ఉంటాయి. కాబట్టి మీ సమన్స్ మీద ఏం రాసి ఉందో అదే మీకు వర్తిస్తుంది.

మన దగ్గర లేదు, అక్కడ ఎందుకుంది?

భారత్‌లోనూ ఒకప్పుడు జ్యూరీ ఉండేది. బొంబాయిలో 1959లో జరిగిన నానావతి కేసులో జ్యూరీ 8-1 తేడాతో నిందితుడు నిర్దోషి అంది. దాన్ని హైకోర్టు తిరగరాసి దోషిగా తేల్చింది. 1961లో సుప్రీంకోర్టు ఆ శిక్షను సమర్థించింది. జ్యూరీని తీసేయాలన్న సిఫార్సు అంతకుముందు నుంచే ఉంది. చివరికి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. అందుకే మనలో చాలామందికి దీనితో పరిచయం లేదు.

అమెరికాలో అలా కాదు. క్రిమినల్ కేసుల్లో జ్యూరీ విచారణ కోరే హక్కును రాజ్యాంగ ఆరో సవరణ ఇచ్చింది. ఫెడరల్ కోర్టుల సివిల్ కేసులకు ఏడో సవరణ ఉంది. చట్టం ఏం చెబుతోందో జడ్జి వివరిస్తారు. ఎవరు చెప్పింది నిజం, నేరం రుజువైందా లేదా అన్నది జ్యూరీ తేలుస్తుంది.

మీ పేరు వాళ్లకెలా దొరికింది?

ఓటర్ల జాబితా, డ్రైవింగ్ లైసెన్స్, స్టేట్ ఐడీ రికార్డుల లాంటి వాటి నుంచి కంప్యూటర్ పేర్లు తీస్తుంది. మిమ్మల్ని ఎవరూ ప్రత్యేకంగా ఎంచుకోరు. డ్రైవింగ్ లైసెన్స్ వీసా మీద ఉన్నవాళ్లకూ ఉంటుంది కదా. అందుకే హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల ఇళ్లకూ సమన్స్ వస్తుంటాయి. సమన్స్ వచ్చినంత మాత్రాన మీకు అర్హత ఉందని కాదు.

సిటిజన్ కాకపోతే: ఇది తప్పక చదవండి

జ్యూరీలో కూర్చోవాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. గ్రీన్‌కార్డు వచ్చి ఇరవై ఏళ్లయినా సరే, పౌరసత్వం తీసుకోకపోతే అర్హత లేదు. నేచురలైజేషన్ ఇంటర్వ్యూ పాసైనా, ప్రమాణం చేసేదాకా మీరు సిటిజన్ కారు.

అలాగని సమన్స్‌ను చెత్తబుట్టలో వేయొద్దు. అందులో ఉన్న ప్రశ్నావళిని కాగితం మీదో, కోర్టు వెబ్‌సైట్‌లోనో గడువులోగా పూర్తిచేసి పంపాలి. 'మీరు అమెరికా పౌరులా?' అన్న ప్రశ్నకు 'కాదు' అని జవాబివ్వాలి. కోర్టు అడిగితే గ్రీన్‌కార్డు లేదా వీసా కాపీ జత చేయాలి. పంపినదాని నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. సాధారణంగా విషయం అక్కడితో ముగుస్తుంది.

'వెళ్లి కూర్చుంటే ఏం పోయింది, దేశానికి సేవే కదా' అనుకోవడం ఇక్కడ ప్రమాదకరం. పౌరులు కాకుండా పౌరులమని చెప్పుకోవడం ఇమ్మిగ్రేషన్ చట్టంలో చాలా తీవ్రమైన తప్పు. దేశం నుంచి పంపించేయడానికి, మళ్లీ రాకుండా అడ్డుకోవడానికి కూడా అది కారణం కావొచ్చు. ఎప్పుడైనా సిటిజన్‌నని చెప్పుకొన్నారా అని పౌరసత్వ దరఖాస్తు ఎన్-400లో సూటిగా అడుగుతారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. లైసెన్స్ తీసుకునేటప్పుడు పొరపాటున ఓటరుగా నమోదైనవాళ్లు కొందరుంటారు. పౌరులం కాదని జ్యూరీ ఫారంలో రాసినవాళ్ల వివరాలు టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో ఓటర్ల నమోదు అధికారులకు వెళ్తాయి. మీ పేరు ఓటర్ల జాబితాలో ఉందేమోనన్న అనుమానం ఉన్నా, గతంలో తెలియక జ్యూరీలో కూర్చున్నా, జవాబు పంపేలోపు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. అలాగని ఫారంలో అబద్ధం మాత్రం రాయొద్దు.

సిటిజన్ అయితే ఎవరికి మినహాయింపు?

ఫెడరల్ కోర్టుల లెక్క ఇది: 18 ఏళ్లు నిండాలి. ఆ జ్యుడీషియల్ డిస్ట్రిక్ట్‌లో ఏడాదిగా నివాసం ఉండాలి. ఫారం నింపగలిగేంత ఇంగ్లిష్ చదవడం, రాయడం, అర్థం చేసుకోవడం రావాలి. ఫెలనీ అనే తీవ్ర నేరాల్లో శిక్ష పడి పౌరహక్కులు తిరిగి రానివాళ్లకు, అలాంటి అభియోగాలు ఎదుర్కొంటున్నవాళ్లకు అర్హత ఉండదు. రాష్ట్ర కోర్టుల నిబంధనలు కూడా దాదాపు ఇదే దారిలో ఉంటాయి.

70 ఏళ్లు దాటినవాళ్లు అడిగితే చాలా ఫెడరల్ కోర్టులు వదిలేస్తాయి. రాష్ట్రాల్లో వయసు పరిమితి వేరుగా ఉంటుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు. అనారోగ్యం, చంటిపిల్లల్ని లేదా మంచం పట్టిన పెద్దల్ని చూసుకునే బాధ్యత లాంటి కారణాలను ఆధారాలతో చెబితే కోర్టు పరిశీలిస్తుంది. టెక్సస్‌లో కాలేజీకి వెళ్తున్న విద్యార్థులు మినహాయింపు కోరవచ్చు.

అమ్మానాన్నల సంగతేంటి? 50 ఏళ్లు నిండి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు ఉన్నవాళ్లు, 55 నిండి 15 ఏళ్లు ఉన్నవాళ్లు ఇంగ్లిష్ పరీక్ష లేకుండానే పౌరసత్వం పొందవచ్చు. అలా సిటిజన్ అయిన పెద్దవాళ్లకూ సమన్స్ వస్తుంది. వాళ్లు ఫారం నింపలేకపోతే పిల్లలు నింపవచ్చు. అయితే తాము నింపుతున్నామనీ, ఎందుకు నింపుతున్నామనీ అందులో రాయాలి. ఇంగ్లిష్ రాదన్న నిజం చెబితే చాలు. మీకు ఇంగ్లిష్ వచ్చి, యాస మాత్రం తెలుగుదైతే అది మినహాయింపు కాదు. కోర్టులో జరిగేది మీకు అర్థమవుతుందా అన్నదే చూస్తారు.

ఇండియా టికెట్లు బుక్ అయి ఉంటే?

చాలా కోర్టులు కనీసం ఒకసారి వాయిదా ఇస్తాయి. వెబ్‌సైట్‌లో జ్యూరర్ నంబరుతో లాగిన్ అయి, మీకు వీలైన తేదీ అడగవచ్చు. సమన్స్ వచ్చిన వెంటనే అడిగితే సులువుగా పని అవుతుంది. చివరి నిమిషంలో అడిగితే కష్టం. మీరు సెలవులో హైదరాబాద్‌లో ఉన్నప్పుడు సమన్స్ అక్కడి ఇంటికొచ్చినా, ఫొటో తెప్పించుకుని ఆన్‌లైన్‌లోనే జవాబివ్వవచ్చు. ఇల్లు మారి వేరే కౌంటీకి వెళ్లినా, పూర్తిగా ఇండియాకు వచ్చేసినా ఆ సంగతే రాసి పంపండి.

ఆ రోజు ఏం జరుగుతుంది?

చాలాచోట్ల ముందురోజు సాయంత్రం వెబ్‌సైట్‌లో గానీ ఫోన్‌లో గానీ మీ గ్రూప్ నంబరు చూసుకోవాలి. ఆ నంబరును పిలవకపోతే వెళ్లనక్కర్లేదు.

వెళ్లాల్సి వస్తే ఎయిర్‌పోర్టులో లాంటి తనిఖీ ఉంటుంది. చిన్న చాకు, కత్తెర లాంటివి బ్యాగులో లేకుండా చూసుకోండి. సమన్స్ కాగితం, ఫొటో ఐడీ, ఒక పుస్తకం, మందులు, తినడానికి కాస్త ఏదైనా పట్టుకెళ్లండి. ఫోన్లు అనుమతిస్తారో లేదో సమన్స్‌లో ఉంటుంది. పార్కింగ్ ఎక్కడో కూడా ముందే చూసుకుంటే మంచిది.

జ్యూరీ హాల్లో హాజరు వేసి, ఒక వీడియో చూపించి కూర్చోబెడతారు. ఇక వెయిటింగే. కొందరిని సాయంత్రం దాకా ఉంచి ఇంటికి పంపేస్తారు. కాలిఫోర్నియా లాంటి చోట్ల 'ఒక రోజు లేదా ఒక విచారణ' పద్ధతి ఉంది. ఆ రోజు ఏ కేసుకూ ఎంపిక కాకపోతే మీ డ్యూటీ అయిపోయినట్టే.

కోర్టు గదిలో ఎలాంటి ప్రశ్నలు అడుగుతారు?

పేరు పిలిస్తే కోర్టు గదిలోకి తీసుకెళ్తారు. అక్కడ జడ్జి, లాయర్లు ప్రశ్నలడుగుతారు. ఉద్యోగం, కుటుంబం, ఎప్పుడైనా నేర బాధితులయ్యారా, పోలీసు శాఖలో బంధువులున్నారా, ఈ కేసులోని వాళ్లెవరైనా తెలుసా లాంటివి. నిజమే చెబుతానని ముందే మాట తీసుకుంటారు. మత గ్రంథం మీద ప్రమాణం చేయడం ఇష్టం లేకపోతే, దేవుడి ప్రస్తావన లేకుండా నిజం చెబుతానని ధ్రువీకరించవచ్చు. అందరి ముందు చెప్పలేని సంగతి ఉంటే జడ్జికి విడిగా చెబుతానని అడగవచ్చు.

నిష్పాక్షికంగా ఉండలేరనిపించిన వాళ్లను కారణం చూపి తప్పిస్తారు. ఇవి కాక, కారణం చెప్పకుండా కొందరిని తప్పించే అవకాశం కూడా ఇరుపక్షాల లాయర్లకు ఉంటుంది. కానీ జాతిని చూసి తప్పించడం కుదరదని 1986లో బాట్‌సన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 'సాఫ్ట్‌వేర్ ఇంజినీరునంటే వదిలేస్తారట' లాంటి వాట్సాప్ చిట్కాలను నమ్ముకోకండి. తప్పించుకోవడానికి అబద్ధమాడితే అదే ఇబ్బంది అవుతుంది. మిమ్మల్ని తీసుకోకపోతే అది అవమానమూ కాదు.

ఎంపికైతే?

తీవ్రమైన క్రిమినల్ కేసుల్లో ఎక్కువచోట్ల 12 మంది ఉంటారు. మధ్యలో ఎవరికైనా కుదరకపోతే భర్తీ చేయడానికి అదనపు జ్యూరర్లూ కూర్చుంటారు. విచారణ నడిచినన్నాళ్లూ కేసు గురించి భార్యతోనో భర్తతోనో కూడా మాట్లాడకూడదు. గూగుల్‌లో వెతకకూడదు. ఘటనాస్థలం చూసి రాకూడదు. ఫ్యామిలీ గ్రూపులో చిన్న మెసేజ్ పెట్టినా తప్పే. జ్యూరర్ అలా చేశారని తేలితే విచారణ మొత్తం మళ్లీ మొదటికి రావొచ్చు.

వాదనలు పూర్తయ్యాక జ్యూరీ ఒక గదిలో కూర్చుని చర్చిస్తుంది. తీవ్రమైన నేరాల్లో దోషి అనాలంటే అందరూ ఒప్పుకోవాలని 2020లో రామోస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సివిల్ కేసుల్లో కొన్ని రాష్ట్రాలకు అంత అవసరం లేదు. కాలిఫోర్నియాలో 12 మందిలో తొమ్మిది మంది చాలు. అంటే హత్య కేసులో మిగతా 11 మంది ఒకవైపు ఉన్నా, మీ ఒక్కరి సందేహానికీ విలువ ఉంది. ఎదుటివాళ్లు చెప్పేది వినాలి, మనసు మారితే మార్చుకోవచ్చు. త్వరగా ఇంటికెళ్లాలని మాత్రం తలూపకూడదు. అక్కడ బోనులో ఉన్నది ఒక మనిషి జీవితం.

మీ సమన్స్‌లో 'గ్రాండ్ జ్యూరీ' అని ఉంటే అది వేరు. అక్కడ నేరం రుజువైందా అని చూడరు, అభియోగం మోపడానికి ఆధారాలున్నాయా అని చూస్తారు. ఫెడరల్ గ్రాండ్ జ్యూరీలో 16 నుంచి 23 మంది ఉంటారు. వాళ్లను నెలల తరబడి అప్పుడప్పుడూ పిలుస్తుంటారు.

జీతం సంగతి?

కోర్టు ఇచ్చేది తక్కువే. ఫెడరల్ కోర్టులో రోజుకు 50 డాలర్లు. కాలిఫోర్నియా రాష్ట్ర కోర్టుల్లో సాధారణంగా రెండో రోజు నుంచి 15 డాలర్లు. టెక్సస్ 2023లో పెంచాక మొదటి రోజుకు 20, తర్వాత రోజుకు 58 డాలర్లు. ఇది కూడా ఆదాయమే కాబట్టి ట్యాక్స్ రిటర్న్‌లో చూపాలి.

ఆ రోజులకు కంపెనీ జీతం ఇవ్వాలని దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాల్లో మొదటి మూడు రోజులు యజమానే జీతం ఇవ్వాలి. ఓవర్‌టైమ్ వర్తించని నెలజీతం ఉద్యోగులు ఒక వారంలో కొన్ని రోజులు పనిచేసి, మిగతా రోజులు జ్యూరీకి వెళ్తే, ఆ రోజులకు జీతం కోయకూడదని ఫెడరల్ నిబంధన ఉంది. కోర్టు ఇచ్చిన డబ్బును మాత్రం సర్దుబాటు చేసుకోవచ్చు. గంటల లెక్కన పనిచేసేవాళ్లు ముందే హెచ్‌ఆర్‌ను అడగడం మేలు. ఫెడరల్ జ్యూరీకి వెళ్లారని ఉద్యోగం తీసేయడం చట్టవిరుద్ధం. రాష్ట్రాల్లోనూ ఇలాంటి రక్షణలున్నాయి.

వెళ్లకపోతే?

ఫెడరల్ కోర్టు విషయంలో సరైన కారణం లేకుండా ఎగ్గొడితే 1,000 డాలర్ల దాకా జరిమానా, మూడు రోజుల దాకా జైలు, సమాజ సేవ చేయాలన్న ఆదేశం ఉండొచ్చు. ఇప్పటికే తేదీ దాటిపోయి ఉంటే దాక్కోవద్దు. కోర్టు జ్యూరీ ఆఫీసుకు ఫోన్ చేసి కొత్త తేదీ అడగండి.

ఈ ఫోన్ వస్తే కట్ చేయండి

'మీరు జ్యూరీ డ్యూటీకి రాలేదు, అరెస్ట్ వారెంట్ ఉంది, వెంటనే డబ్బు కట్టండి' అంటూ పోలీసుల పేరుతో ఫోన్ చేసే మోసం అమెరికాలో బాగా నడుస్తోంది. గిఫ్ట్ కార్డులు, క్రిప్టో, పేమెంట్ యాప్‌ల ద్వారా కట్టమంటారు. కోర్టులు అలా ఫోన్‌లో డబ్బు అడగవు, సోషల్ సెక్యూరిటీ నంబరూ అడగవు. వాళ్లిచ్చిన నంబరుకు కాకుండా, కోర్టు అధికారిక వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

సమన్స్ అందగానే చేయాల్సినవి

1. గడువు తేదీ, అది ఏ కోర్టు నుంచి వచ్చిందో చూడండి.
2. పౌరసత్వం ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు జవాబివ్వండి.
3. ప్రయాణాలుంటే ఆ రోజే వాయిదా అడగండి.
4. ఆఫీసులో మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు సమన్స్ కాపీ పంపండి.
5. ముందురోజు సాయంత్రం గ్రూప్ నంబరు చూసుకోండి.
6. హాజరైనట్టు కోర్టు ఇచ్చే పత్రం దాచుకోండి. జీతానికి, మళ్లీ సమన్స్ వస్తే చూపడానికి పనికొస్తుంది.