తలనొప్పితో మొదలైన ఒక ధ్యాన చరిత్ర

“డాక్టరు గారూ, ధ్యానం చేస్తే నా తలనొప్పి తగ్గుతుందా?” ప్రభుత్వ వైద్యునిగా పనిచేసినంత కాలమూ ఈ ప్రశ్న నన్ను వెంబడించింది. పదవీ విరమణ తరువాత కూడా పెళ్ళిళ్ళలోనో, రైలు ప్రయాణాలలోనో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. దీనికి ఒక్క మాటలో సమాధానం చెప్పడం కన్నా ఒక తలనొప్పి కథ చెప్పడం మేలని నాకు తోస్తుంది. హైదరాబాదు శివారులో దాదాపు అర్ధశతాబ్దంగా నడుస్తున్న ఒక ధ్యాన కేంద్రపు చరిత్ర ఆ తలనొప్పితోనే మొదలవుతుంది.

సత్యనారాయణ గోయెంకా 1924లో బర్మాలోని మాండలే నగరంలో ఒక మార్వాడీ వ్యాపార కుటుంబంలో జన్మించారు. చిన్న వయసులోనే వ్యాపారంలో పేరు సంపాదించారు. దానితో పాటే తీవ్రమైన పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్, ఆయనను పట్టుకుంది. నొప్పి భరించలేని స్థితిలో మార్ఫిన్ ఇంజక్షన్ ఇచ్చేవారు. మార్ఫిన్ నల్లమందు నుండి తీసే మందు. మాటిమాటికీ వాడితే మొదట అలవాటుగా, ఆపై వ్యసనంగా మారుతుంది. ఆ ప్రమాదం నుండి బయటపడాలని ఆయన ఐరోపా, అమెరికా, జపాను దేశాల వైద్యులను సంప్రదించారు. గుణం కనబడలేదు. చివరకు 1955లో రంగూనులోని సయాజీ ఊ బా ఖిన్ వద్దకు వెళ్ళారు.

ఊ బా ఖిన్ సన్యాసి కారు, గృహస్థుడు. స్వతంత్ర బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన అధికారి. 1952లో రంగూనులో అంతర్జాతీయ ధ్యాన కేంద్రాన్ని స్థాపించారు. కేవలం తలనొప్పి పోగొట్టుకోవడానికే అయితే రావద్దని ఆయన గోయెంకాతో స్పష్టంగా చెప్పారు. మనసులోని మాలిన్యాన్ని కడుక్కోవడమే సాధన లక్ష్యమనీ, నొప్పి తగ్గితే అది దానంతటదే వచ్చే ఫలమనీ వివరించారు. బాధతో వచ్చినవానికి “నయం చేస్తాను” అని ఆశ చూపకుండా నిలబడగలగడం ఎంత కష్టమో వైద్యులకు తెలుసు. గోయెంకా పది రోజులు సాధన చేశారు. నొప్పి పోయింది. కానీ ఆయన అక్కడితో వదలక, పధ్నాలుగేళ్ళు గురువు వద్ద అభ్యాసం కొనసాగించారు.

1969లో, భారతదేశంలో ఉన్న తల్లి అస్వస్థతతో బాధపడుతుండగా, ఆమెకు ఈ విద్య నేర్పాలని గోయెంకా ఇక్కడికి వచ్చారు. ఆ జులైలో బొంబాయిలోని ఒక ధర్మశాలలో మొదటి శిబిరం జరిగింది. పాల్గొన్నవారు పధ్నాలుగు మంది. వారిలో ఆయన తల్లిదండ్రులూ ఉన్నారు. తరువాత కొన్నేళ్ళ పాటు ఈ శిబిరాలకు సొంత గూడు లేదు. ధర్మశాలలు, ఆశ్రమాలు, ఎక్కడ చోటు దొరికితే అక్కడే నడిచాయి.

1976లో ఆ కొరత తీరింది. ఆ ఏడు మహారాష్ట్రలో ఇగత్‌పురి వద్ద ధమ్మగిరి, మన హైదరాబాదులో ధమ్మఖేత్త రూపుదిద్దుకున్నాయి. ఈ సంప్రదాయానికి దేశంలో ఏర్పడిన తొలి కేంద్రాలలో మనది ఒకటి కావడం తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం. పాళీ భాషలో ‘ఖేత్త’ అంటే క్షేత్రం, పొలం. నాగార్జునసాగర్ రహదారిలో వనస్థలిపురం సమీపాన కుసుమ్‌నగర్‌లో ఉన్న ఈ ధర్మపు పొలం నుండి విత్తనాలు దూరం వెళ్ళాయి. నాగార్జునసాగర్‌లోనూ, ఏలూరు సమీపంలోని విజయరాయిలోనూ, నిజామాబాదు ప్రాంతంలోనూ తరువాత కేంద్రాలు వెలిశాయి. ప్రపంచమంతటా నేడు వీటి సంఖ్య రెండు వందలు దాటింది.

ఈ నేలకు బుద్ధుని మాట కొత్తది కాదు. భట్టిప్రోలు, అమరావతి, నాగార్జునకొండ మన ఊళ్ళే. నాగార్జునకొండలో దొరికిన ఒక శాసనంలో ‘విగతజ్వరాలయం’ అనే మాట ఉంది. జ్వరపీడితులను ఉంచి సేవ చేసే చోటు అని చరిత్రకారులు దానికి అర్థం చెప్పారు. ధ్యానం చేసే విహారంలోనే రోగికి పక్క వేసిన సంస్కృతి మనది. ఒక వైద్యునిగా ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

శిబిరం ఎలా ఉంటుందో క్లుప్తంగా చెబుతాను. పది రోజులు మౌనం. తెల్లవారుజామున నాలుగు గంటలకు గంట మోగుతుంది. మొదటి మూడు రోజులు సహజమైన శ్వాసను గమనించడం, అదే ఆనాపానం. నాలుగవ రోజు నుండి శరీరంలో కలిగే సంవేదనలను తల నుండి పాదాల వరకు, ప్రతిస్పందించకుండా గమనించడం, అదే విపశ్యన. నొప్పికి రెండు భాగాలున్నాయని వైద్యశాస్త్రం చెబుతుంది. ఒకటి శరీరం పంపే సంకేతం, రెండవది దానికి మనసు పడే ఆరాటం. ఈ సాధన రెండవ భాగంతో వ్యవహరిస్తుంది.

శిబిరానికి రుసుము లేదు. ముందు శిబిరాలలో మేలు పొందినవారి విరాళాలతోనే తరువాతివారికి అన్నం, వసతి సమకూరుతాయి. వంటలో, గంట కొట్టడంలో, గదులు చూడడంలో పాత సాధకులు సేవ చేస్తారు. జీతం తీసుకోరు. ఎవరూ మతం మారనక్కరలేదు. ఒకరు తిన్న అన్నానికి ముఖం తెలియని మరొకరి అన్నంతో బదులు తీర్చే ఈ పద్ధతే, నా దృష్టిలో, ఈ సంస్థ చేసిన మొదటి సమాజసేవ.

రెండవది కారాగారాలలో చేసిన సేవ. 1975లో జైపూరు కేంద్ర కారాగారంలో శిబిరం జరిగినప్పుడు, సంకెళ్ళలో ఉన్నవారికి ధర్మం బోధించలేనని గోయెంకా పట్టుబట్టి వాటిని తీయించారు. 1994లో, కిరణ్ బేడీ అధికారిగా ఉన్న కాలంలో, ఢిల్లీలోని తీహార్ జైలులో వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకేసారి కూర్చున్నారు. మూడవది పిల్లల కోసం నడిపే ఒకటి రెండు రోజుల ఆనాపాన తరగతులు. పరీక్షల ఒత్తిడిలో నలిగే మన పిల్లలకు శ్వాసను గమనించడం తెలిస్తే నష్టమేమీ లేదు.

ఇంతవరకు చదివి వెంటనే పేరు నమోదు చేసుకోవాలని మీకు అనిపించవచ్చు. అందుకే నా తప్పు ఒకటి మీకు చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం, స్వయంగా ఒక శిబిరం చేసి వచ్చిన ఉత్సాహంలో, నిద్ర పట్టడం లేదని వచ్చిన ఒక ఉపాధ్యాయునికి కూడా వెళ్ళమని సలహా ఇచ్చాను. ఆయన అంతకుముందు మానసిక వైద్యుని వద్ద మందులు వాడుతున్న సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. దరఖాస్తులో కూడా దాచారు. ధ్యానం ఉండగా మాత్రలెందుకని మానేశారు. నాలుగవ రోజుకే స్థిమితం తప్పి, ఇంటివారు వచ్చి తీసుకువెళ్ళవలసి వచ్చింది. మళ్ళీ మందులతో కోలుకోవడానికి నెలలు పట్టింది. ఆయన భార్య నన్ను ఒక్క మాట అనలేదు. “మీరు చెప్పారు కదా అని వెళ్ళారండీ” అని మాత్రం అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కనుక కొన్ని జాగ్రత్తలు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు, గతంలో ఉన్నవారు మీ వైద్యుని అనుమతి లేనిదే వెళ్ళకండి. దరఖాస్తులో ఆరోగ్య వివరాలు అడిగేది మీ క్షేమం కోసమే, దాచకండి. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ మందులు ఒక్క పూట కూడా మానవద్దు. అక్కడ సాయంత్రం పూర్తి భోజనం ఉండదు. ఇన్సులిన్ తీసుకునేవారికి చక్కెర పడిపోయే ప్రమాదముంది. ముందుగా వైద్యునితోనూ, కేంద్రం వారితోనూ మాట్లాడి తగిన ఏర్పాటు చేసుకోండి. కొత్తగా తలనొప్పి మొదలైతే ముందు పరీక్ష చేయించుకోండి, ధ్యానం ఆ తరువాత.

ఊ బా ఖిన్ తన వద్దకు వచ్చిన రోగికి ఏమి ఇవ్వగలరో, ఏమి ఇవ్వలేరో మొదటే చెప్పారు. ఆనాడు నేను నా రోగికి ఆ మాట చెప్పలేదు. ఈనాడు మీకు చెబుతున్నాను. ధ్యానం మందుకు బదులు కాదు. దాని మేలు దానికుంది, మందు మేలు మందుకుంది.