ఇంగ్లీషు క్లాసులో 'యూనిట్' ఎలా తయారవుతుంది?

"మావాడికి కథంతా నోటికి వచ్చు. అయినా వ్యాసంలో మార్కులెందుకు తగ్గాయి?" అమెరికాలో మిడిల్ స్కూల్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్న నన్ను మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఇక్కడ చాలా బడుల్లో ఇంగ్లీషు బోధన యూనిట్లుగా సాగుతుంది. ఒక్కో యూనిట్‌కీ ఒక మూలభావన ఆధారం. పరీక్షించేది కథను కాదు, ఆ భావననే.

గ్రాంట్ విగిన్స్, జే మెక్‌టై 1998లో రాసిన 'అండర్‌స్టాండింగ్ బై డిజైన్' పుస్తకం ఈ ప్రణాళికకు మూడు మెట్లు చెప్పింది. యూనిట్ పూర్తయ్యేసరికి పిల్లలకు ఏమి అర్థం కావాలో ముందు నిర్ణయించుకోవాలి. అది అర్థమైందని ఎలా తెలుస్తుందో తర్వాత తేల్చుకోవాలి. రోజువారీ పాఠాలు చివర రాసుకోవాలి.

ఉదాహరణకు 'దృక్కోణం' అనే భావన తీసుకుందాం. హార్పర్ లీ నవల 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' (1960)లో, చెయ్యని నేరం మోపబడిన ఒక నల్లజాతి మనిషి కథను స్కౌట్ అనే అమ్మాయి తన చిన్ననాటి అనుభవంగా చెబుతుంది. నేను ముందు రాసుకునే వాక్యం: "కథ ఎవరు చెబుతున్నారన్న దాన్నిబట్టి మనకు కనిపించేది మారుతుంది." ఒట్టి 'దృక్కోణం' అని రాసుకుంటే అందులో ఏ పాఠమైనా ఇమిడిపోతుంది. వాక్యంగా రాస్తేనే దారి తెలుస్తుంది.

ఇక పరీక్ష. కోర్టు ఘట్టాన్ని మరో పాత్ర చెబుతున్నట్టు తిరగరాసి, ఏది ఎందుకు మార్చారో నవలలోని ఆధారాలతో వివరించాలి. దానికి కావలసినవే నా పాఠాలు: ఉత్తమ పురుషలో కథనం, చెప్పకుండా వదిలేసిన విషయాన్ని గ్రహించడం, ప్రత్యక్ష పరోక్ష వాక్యాలు, ఉటంకించే పద్ధతి. వ్యాకరణం, పదజాలం ఎక్కడికీ పోవు, అవసరమైన చోట వస్తాయి.

మార్కులు తగ్గగానే చాలామంది వర్క్‌బుక్కులు కొంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడటం తగ్గిస్తారు. రెండోది నిజంగా నష్టం. మూలభావనకు భాషతో పని లేదు. భారతాన్ని కర్ణుడి వైపు నుంచి చెప్పమని మీ అమ్మాయిని అడగండి. "ద్రౌపది చెబితే ఈ కథ ఎలా ఉంటుంది?" అని మళ్ళీ అడగండి. తెలుగులో ఆ జవాబు వెతుక్కోగలిగిన పిల్ల ఇంగ్లీషు వ్యాసానికి కావలసిన ఆలోచన అప్పటికే చేసినట్టు. మిగిలింది రాయడం, అది నేర్పడానికి మేమున్నాం.